మూడో నంబరు ఫోటో

చిక్కపేటలో ఒకే గోడకు అటూ ఇటూ రెండు పట్టుచీరల అంగళ్ళు ఉన్నాయి. ఎడమవైపుది బైరప్పది, కుడివైపుది ఓబళప్పది. ఇద్దరికీ ఏడు తరాల కిందటి తాత ఒక్కడే, హిందూపురం వైపు నుంచి మగ్గం మోసుకుని బెంగళూరు వచ్చిన సొన్నప్ప. ఆ మహానుభావుడు వచ్చినవాడు బుద్ధిగా చీరలు నేసుకోక ఇద్దరిని పెళ్ళాడాడు. ఇద్దరు భార్యలూ ఒకే రోజు తెల్లవారుజామున చెరొక కొడుకును కన్నారు. ఏ బిడ్డ ముందు ఏడ్చాడో తెలిసిన మంత్రసాని ఆ సంగతి ఎవరికీ చెప్పకుండానే పోయింది. పుణ్యాత్మురాలు, పోతూ పోతూ రెండు కుటుంబాలకు ఏడు తరాలకు సరిపడా పని పెట్టి పోయింది.

ఆ పని పేరు అగ్రతాంబూలం. ఏటా శ్రావణమాసం మూడో శనివారం సొన్నప్ప వంశస్థుల సంఘం వాళ్ళ ఛత్రంలో, అదే సత్రంలో, ఇలవేలుపుకు పూజ చేస్తారు. పూజ అయ్యాక, భోజనాలకు ముందు, వరుసగా అందరికీ తాంబూలాలు ఇస్తారు. మొదటిది పెద్ద శాఖకు. రెండు తమలపాకులు, రెండు వక్కలు, ఒక అరటిపండు, ఒక టెంకాయ. మార్కెట్లో ఎవరైనా కొనుక్కోగలిగిన సరుకే. దానికోసం నలభై ఏళ్ళలో రెండుసార్లు పోలీసులు వచ్చారు, ఒకసారి ఆ టెంకాయతోనే ఒకరి తల పగిలింది. పోయిన ఏడాది పూజారి తెలివిగా రెండు చేతులతో రెండు తాంబూలాలు ఒకేసారి ఇచ్చాడు. ఇరుపక్షాలూ ఫోన్లలో తీసిన వీడియోలను నెమ్మదిగా తిప్పి తిప్పి చూసి, పూజారి కుడిచెయ్యి ముందు కదిలిందని ఒకరు, ఎడమచెయ్యి ముందు విడిచిందని ఒకరు మళ్ళీ మొదలుపెట్టారు.

ఈ భాగోతమంతా అనసూయ ఛత్రం వంటింటి కిటికీలోంచి చూస్తూ వచ్చింది. అనసూయ బైరప్పకు అక్క, అరవై రెండేళ్ళ మనిషి. భర్త పోయి ఇరవై రెండేళ్ళయింది. అప్పటినుంచి తమ్ముడి అంగడి పైన గదిలో ఉంటూ, పూజ రోజు రెండువందల మందికి వంట చేయిస్తూ ఉంది. ఆమె చేతి ఓళిగలు, అదే బొబ్బట్లు, తినని నోరు ఆ వంశంలో లేదు. అయితే ఆమెకు తాంబూలం ఇచ్చిన చెయ్యి కూడా ఈ ఇరవై రెండేళ్ళలో లేదు. మొగుడు పోయినదానికి శుభకార్యంలో తాంబూలం ఎలా ఇస్తారని వాళ్ళ ఆచారం. ఆ ఆచారానికి ఓళిగ పిండి తాకితే మైల రాదు, ఆకు వక్క తాకితే వస్తుంది.

అనసూయకు అగ్రతాంబూలం మీద ఆశ లేదు. ఆఖరిదైనా చాలని ఉండేది. పిల్లలకు ఇచ్చి, పనివాళ్ళకు ఇచ్చి, పళ్ళెంలో మిగిలిందైనా సరే, ఎవరో ఒకరు పేరు పెట్టి పిలిచి చేతిలో పెడితే చాలు. తొమ్మిదేళ్ళ కిందట సిగ్గు విడిచి తమ్ముడిని ఒకసారి అడిగింది.

"జనం ఏమంటారక్కా?" అన్నాడు బైరప్ప.

మళ్ళీ అడగలేదు. కానీ ప్రతి ఏడూ ఆ సమయానికి కిటికీ దగ్గరికి వచ్చి నిలబడేది. ఎవరికి చెప్పుకోను అనుకునేది.

ఈ ఏడు మార్చిలో చేతన్ అనే అతను చెల్లెలి పెళ్ళికి చీరలు కొనడానికి బైరప్ప అంగడికి వచ్చాడు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మూలబిందు ల్యాబ్స్ అని ఒక స్టార్టప్ నడుపుతున్నాడు. పరుపు మీద కూర్చుని చీరలు చూస్తున్నవాడికి గోడకు అటువైపు నుంచి ఓబళప్ప తిట్లు, ఇటువైపు నుంచి బైరప్ప జవాబులు వినిపించాయి. విషయం కనుక్కున్నాడు. ముప్పై రెండేళ్ళ ఆ ముఖం టెంకాయ చూసిన కోతి ముఖంలా వెలిగింది.

"సార్, ఇది తగవు కాదు. ఇది డేటా ప్రాబ్లమ్," అన్నాడు. "మీ వంశం సీక్వెన్స్ క్రోమోజోమ్ మీద ఎగ్జాక్ట్‌గా ఎక్కడుందో మేము ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూపిస్తాం. బంగారంతో మార్క్ చేసి మరీ."

"బంగారమా?" అన్నాడు బైరప్ప, చేతిలోని చీర కింద పెట్టి.

"ప్యూర్ గోల్డ్ సార్. బంగారు చుక్కలు. పెద్ద శాఖలో సీక్వెన్స్ స్ట్రాంగ్‌గా ఉంటుంది, చుక్కలు ఎక్కువొస్తాయి."

గోడ అవతల తిట్లు ఆగిపోయాయి. రెండు నిమిషాల్లో ఓబళప్ప పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి ఈ అంగడి గడప తొక్కాడు. "మాకూ చేస్తారా అప్పా?" అని అడిగాడు.

వారం తిరక్కుండా సంఘం పెద్ద పాపయ్య సమక్షంలో స్టాంపు కాగితం మీద తీర్మానం రాశారు. ఎవరి రక్తంలో బంగారు చుక్కలు ఎక్కువ కనబడునో ఆ రక్తము ఇచ్చినవారికే అగ్రతాంబూలము ఇవ్వవలెను, దీనిపై మరి వాదము చేయరాదు. కింద ఇద్దరూ సంతకాలు పెట్టారు. సంతకం ముందు ఎవరు పెట్టాలన్నదాని మీద ఒక గంట పట్టింది.

జూన్‌లో రక్తం ఇచ్చే రోజు బైరప్ప అక్కను కూడా కారెక్కించాడు. ఎందుకంటే ల్యాబ్‌లో పనిచేసే వరూధిని అనే ఆవిడ, ఒక ఆడమనిషి రక్తం కూడా కావాలి, లేకపోతే నేను ఈ పని ముట్టను అని పట్టుబట్టిందట. బైరప్ప భార్యకు సూదంటే భయం.

"మా అక్క ఉండాది కదా, ఇంట్లో సుమ్నే ఊరికే కూర్చోనుండాది," అన్నాడు బైరప్ప. రెండువందల మంది వంటకు సామాన్ల పట్టీ రాసుకుంటున్న అనసూయ ఆ మాట విని కళ్ళజోడు తీసి లేచింది.

హెచ్‌ఎస్‌ఆర్‌లో ఆ కట్టడం మూడో అంతస్తులో ఆఫీసు, సెల్లార్‌లో మైక్రోస్కోపు. ఏదో సంస్థ పాతదై తీసేసినదాన్ని చేతన్ కొనుక్కొచ్చి పెట్టాడు. బీరువా అంత ఎత్తున, తెల్లగా, గొట్టంలా ఉంది. దాంతో పాటు ఎప్పుడో రిటైరైన వరూధినిని కూడా తెచ్చి పెట్టుకున్నాడు. ఆమెది అనంతపురం. ముప్పై ఏళ్ళు ఇలాంటి మిషన్ల ముందే కూర్చున్న మనిషి. మాట మెత్తన, పట్టు గట్టి.

తమ్ముడు బైరప్పా, వరసకు తమ్ముడయ్యే ఓబళప్పా పైన చేతన్‌తో కాఫీ తాగుతూ ఎవరి సూది పోటు లోతుగా దిగిందో వాదించుకుంటుంటే, అనసూయ కిందికి దిగి వరూధినిని అడిగింది.

"ఏమి చేస్తారమ్మా దీంట్లో? నాకూ అర్థమయ్యేట్ల చెప్పు."

వరూధిని సంతోషించింది. మూడు నెలల్లో ఆ ప్రశ్న అడిగింది ఈవిడొక్కతే.

"రక్తంలో కణాలను మూడు రోజులు పెంచుతానండీ. పగలగొడితే లోపలి క్రోమోజోములు, దారపు చుట్టల్లాంటివి, బయటికొస్తాయి. వాటిని ఈ రాగి జల్లెడ మీద పరుస్తాను," అని పట్టకారుతో ఒకటి పైకెత్తి చూపించింది. కందిబద్దంత ఉంది. "ఆ దారం రెండు పేటలుగా ఉంటుంది. వేడి చేసి పేటలు విడదీస్తాను. మనం వెతికే ముక్కకు జోడీ ముక్కను తయారుచేసి పైన వదిలితే, అది పోయి తన జోడీకే అతుక్కుంటుంది. దాని వెంట కంటికి కనపడనంత బంగారు పూసలు పంపుతాను. ముక్క ఎక్కడ అతుక్కుందో పూసలు అక్కడ నిలుస్తాయి. ఊరికే పైన పడి ఉన్నవాటిని కడిగేస్తాను. తర్వాత ఈ మిషన్లో చూస్తే నిలిచిన బంగారం నల్లచుక్కల్లాగా కనిపిస్తుంది."

"బంగారం నల్లగానా?"

"ఈ మిషన్‌కు రంగులు తెలీవండీ. ఎలక్ట్రాన్లను ఆపిందల్లా నలుపే."

"బాగుండాది. మరి నా రక్తం యాలమ్మా?"

"మేము వెతికేది వై క్రోమోజోము మీద ఉండే ముక్క. అది మగవాళ్ళకే ఉంటుంది. మీకు లేదు. కాబట్టి మీ జల్లెడ మీద చుక్కలు నిలవకూడదు. నిలిచాయంటే నేను సరిగ్గా కడగలేదని, మిగతా రెండు ఫోటోలనూ నమ్మకూడదని అర్థం."

"అంటే ఏమీ లేదని చూపించేదానికి నేను."

"అవునండీ. అదే అన్నిటికన్నా ముఖ్యం."

అనసూయ పకపకా నవ్వింది. తనలో ఏమీ లేదన్నవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, అది ముఖ్యమన్నది మాత్రం ఈమే.

తర్వాత ఒక క్షణం ఆలోచించి, "వాళ్ళిద్దరికీ తాత ఒకడే కదమ్మా. తండ్రినించి మగపిల్లోనికి వచ్చేదైతే ఇద్దరికీ అదే ముక్క, అదే చోట ఉండాల కదా. పెద్దెవరో చిన్నెవరో ఎట్ల తెలుస్తాది?" అంది.

వరూధిని పట్టకారు కింద పెట్టింది. "తెలీదండీ. ముక్క ఎక్కడుందో చెప్పడమే ఈ మిషన్ పని. ఎవరు ముందు పుట్టారో దీనికేం తెలుసు? చేతన్‌ను మార్చిలోనే అడిగాను. కస్టమర్‌కు ఆ డౌట్ వచ్చినప్పుడు చూద్దాం మేడమ్ అన్నాడు."

కస్టమర్లకు ఆ డౌట్ రాలేదు. వాళ్ళకు వేరే డౌట్ వచ్చింది. పదిరోజుల తర్వాత, మా బంగారం ఎట్లా వాడుతున్నారో చూస్తామని ఇద్దరూ మళ్ళీ వచ్చారు. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో గంటన్నర ఇరుక్కుని, ఉడికిన ముఖాలతో సెల్లార్‌లోకి దిగారు. వెనక అనసూయ. బల్ల మీద మైనపు కాగితం పరిచి, దానిమీద వరసగా నీటిబొట్లు పెట్టుకుని, వరూధిని ఒక్కో జల్లెడను ఒక్కో బొట్టులో ముంచి తీస్తోంది.

"ఏమి చేస్తాండారు మేడమ్?" అన్నాడు బైరప్ప.

"కడుగుతున్నానండీ. అతుక్కోని బంగారం పోవాలి. ఆరుసార్లు కడగాలి."

"పోవాలా? ఎక్కడికి పోవాల?"

వరూధిని పక్కనున్న పారబోత సీసా చూపించింది. బైరప్ప పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి పేటలో పెరిగిన మనిషి. పక్కనే నగరత్‌పేటలో కంసాలి అంగడి ఊడ్చిన దుమ్మును కూడా కొనుక్కుపోయి, కడిగి, రవ్వంత బంగారం తీసుకునేవాళ్ళుంటారు. అక్కడ బంగారం కోసం మురికిని కడుగుతారు. ఇక్కడ ఈవిడ బంగారాన్నే కడిగి మురికిలో పోస్తోంది.

"నిలిపేయమ్మా! బంగారం తీసుకపోయి మోరీలో పోస్తారా ఎవరైనా? మా చుక్కలన్నీ కడిగేస్తే ఇంక మాకు మిగిలేదేమి?"

"మీ చుక్కలు పోవండీ. మీవి కానివే పోతాయి."

"అన్నీ మావే!" అన్నాడు ఓబళప్ప వెనకనుంచి. "బైరప్ప చెప్పింది సరి ఉండాది. నాదీ కడగొద్దు."

ఏడు తరాల్లో ఆ రెండు శాఖలు ఒక మాట మీద నిలబడడం అదే మొదలు. చేతన్ పరుగెత్తుకుంటూ దిగి వచ్చాడు.

"మేడమ్, క్లయింట్ ఫస్ట్. ఒక్క వాష్ చాలు."

"ఒక్కసారి కడిగితే చుక్కలు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి చేతన్. అది ఫోటో కాదు, పెసరపప్పు ఆరబోసినట్టుంటుంది."

"ఉండనీండి మేడమ్. విజువల్‌గా రిచ్‌గా ఉంటుంది."

చెవిటివాడి ముందు శంఖం ఊది లాభం లేదని వరూధినికి అర్థమైంది. అయినా తన పద్ధతి తను విడవలేదు. మూడు జల్లెడలనూ సమానంగా ఒక్కసారే కడిగింది. తన నోటుబుక్కులో తేదీ వేసి, ఒక్కసారే కడగమన్నారు, నేను వద్దన్నాను అని రాసి సంతకం పెట్టుకుంది. చీట్లు వేసి ఒకటి, రెండు, మూడు అని నంబర్లు ఇచ్చింది. ఏ నంబరు ఎవరిదో రాసిన కాగితం కవరులో పెట్టి లక్క వేసింది. ఎవరిదో తెలిస్తే లెక్కపెట్టే కళ్ళు తిన్నగా ఉండవని ఆమె నమ్మకం. బయటికి వస్తుంటే అనసూయతో, "క్షమించండి. మీది శుభ్రంగా కడిగి ఉంటే ఏమీ కనిపించేది కాదు," అంది.

"ఏమీ కనిపించకుండా ఉండేది నాకు అలవాటేలేమ్మా," అంది అనసూయ.

శ్రావణమాసం మూడో శనివారం వచ్చింది. ఛత్రం హాలులో ఇలవేలుపు పటం పక్కన మూడు ఫోటోలు తలుపంత పెద్దవి చేసి, బంగారు రంగు చట్రాలు కట్టి నిలబెట్టారు. బూడిదరంగు మీద గొంగళిపురుగు లాంటి క్రోమోజోము, దానిమీద, దాని చుట్టూ నల్లచుక్కలు. ఒక్కో జల్లెడ మీద ఎక్కువ చుక్కలున్న చోటునే వెతికి తీయమని చేతన్ ఆజ్ఞ. రెండువందల మందీ ఆ మూడింటి ముందు చెప్పులు విడిచి మరీ నిలబడ్డారు. ఒక ముసలమ్మ దండం పెట్టుకుంది.

ఎనభై నాలుగేళ్ళ పాపయ్య కుర్చీలో కూర్చుని, ఇద్దరు పెద్దలకు మార్కర్ పెన్నులు ఇచ్చి లెక్క మొదలుపెట్టమన్నాడు. ఒక చుక్కను చుక్క కాదు, ఈగ రెట్ట అన్నారు. గీకి చూస్తే చుక్కే. కలిసిపోయిన రెండు చుక్కలను ఒకటనాలా రెండనాలా అన్నదాని మీద అరగంట గలాటా అయింది. చివరికి తేలింది. ఒకటో నంబరు పంతొమ్మిది. రెండో నంబరు పదకొండు. మూడో నంబరు ముప్పై ఒకటి.

"సార్, చిన్న క్లారిఫికేషన్," అన్నాడు చేతన్ మైకు అందుకుని. "ఇందులో ఒకటి లేడీస్ కంట్రోల్ శాంపిల్. అది టోటల్‌గా బ్లాంక్‌గా ఉండాలి, కొంచెం అటూ ఇటూ..."

"అదేమి అడగాలప్పా? రెండోదే!" అన్నాడు ఓబళప్ప నవ్వుతూ. "చూడండి ఎట్ల బోసిగా ఉండాదో. ఆడదాని రక్తమని చూస్తానే తెలుస్తాండాది కదా?"

హాలంతా నవ్వింది. బైరప్ప కూడా నవ్వాడు. ఇద్దరి చూపులూ మూడో నంబరు మీదే. ఇద్దరూ మీసాలు దువ్వుకున్నారు. బైరప్ప కొడుకు అప్పుడే మూడో నంబరు ఫోటో ముందు నిలబడి సెల్ఫీ తీసుకుని, మా నాయన అని రాసి పంపేశాడు కూడా.

పాపయ్య లక్క పగలగొట్టి, కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"ఒకటో నంబరు, బైరప్ప. రెండో నంబరు, ఓబళప్ప." కాగితాన్ని ఇంకా దగ్గరికి తెచ్చుకున్నాడు. "మూడో నంబరు, అనసూయమ్మ."

ఓబళప్ప నవ్వు ముఖం మీదే ఎండిపోయింది. బోసిగా ఉన్న ఆడరక్తం తనదేనని తెలిశాక మనిషి ఎటు చూడాలో తెలియక పైన ఫ్యాను వైపు చూశాడు. వరూధిని లేచి నిలబడింది.

"అయ్యా, మూడో నంబరులో ఒక్క చుక్క కూడా నిలవకూడదు. ముప్పై ఒకటి ఉన్నాయంటే అవి వంశం చుక్కలు కావు, కడగకుండా మిగిలిన చుక్కలు. అంటే మూడు ఫోటోల్లో ఏదీ చెల్లదు. ఇది నా నోటుబుక్కులో ఉంది."

ఆమె మాట ఎవరూ వినలేదు. బైరప్ప గొంతు పెంచాడు. "ఆడోళ్ళది లెక్కకు రాదు. అది తీసేస్తే నాదే ఎక్కువ. పంతొమ్మిది!"

"ఆడదానికి ముప్పై ఒకటి వేసిన మిషనును నమ్మి నీకు తాంబూలం ఇవ్వాలనా?" అన్నాడు ఓబళప్ప. "ఒప్పుకునేదే లేదు."

"అయితే తీర్మానం చదవండి!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. పాపయ్య చదివాడు. ఎవరి రక్తంలో చుక్కలు ఎక్కువ కనబడునో ఆ రక్తము ఇచ్చినవారికే. మగవారికే అని రాయాలని ఆ రోజు ఎవరికీ తట్టలేదు. రాయకుండా తెలిసిన సంగతి కదా అది.

అందరి తలలూ వంటింటి కిటికీ వైపు తిరిగాయి.

అనసూయ చేతులు తుడుచుకుంటూ హాలులోకి వచ్చింది. ఆమెకు తెలుసు, ఆ ముప్పై ఒక్క చుక్కలూ తనవి కావని. తమ్ముళ్ళ పిసినారితనం తన జల్లెడ మీద అంటుకుని ఉండిపోయిందని. అయినా ఆశ పుట్టింది. ఇరవై రెండేళ్ళు ఆఖరి తాంబూలానికి నోచుకోనిదానికి మొదటిది రాసిపెట్టి ఉందేమో, ఎట్లా వస్తేనేమి, రానీ అనుకుంది. పళ్ళెం పట్టుకున్న పూజారి ఆమె వైపు ఒక అడుగు వేసి, పాపయ్య ముఖం చూసి, ఆగిపోయాడు.

"ఒక్క నిమిషం," అన్నాడు పాపయ్య.

పాపయ్య, బైరప్ప, ఓబళప్ప, ఇంకో నలుగురు పెద్దలు మూలకు పోయి తలలు దగ్గర పెట్టారు. ఏడు తరాలుగా తెగని తగవు నాలుగు నిమిషాల్లో తెగింది. ఇద్దరు మగవాళ్ళలో ఎవరికి ఇవ్వాలన్నదాని మీద వాళ్ళకు జన్మలో కుదరదు గానీ, ఎవరికి ఇవ్వకూడదన్నదాని మీద చిటికెలో కుదిరింది.

పాపయ్య మైకులో చెప్పాడు. "చూడండప్పా, తాంబూలమనేది మనిషికి కాదు, వంశానికి. సొన్నప్ప నాయన వంశం ఈ మూడో నంబరు ఫోటోలో ముప్పై ఒక్క చుక్కలై కనబడతాండాది. ఎవరి రక్తమని మనము చూసేది వద్దు. ఇంకమీద ఏటా అగ్రతాంబూలం ఈ ఫోటోకే. రెండు శాఖలూ సమానం."

చప్పట్లు మోగాయి. పాపయ్య చదివాక ఫోటో కింద అంటించిన పేరు చీటీని ఎవరో గోటితో గీకేశారు. బైరప్ప ఒకవైపు, ఓబళప్ప ఒకవైపు పట్టుకుని ఫోటోకు మల్లెపూల దండ వేశారు. పూజారి పళ్ళెం తెచ్చి దాని ముందు పెట్టి హారతి తిప్పాడు. అన్నదమ్ములు కౌగిలించుకున్నారు. ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు. చేతన్ ఆ కౌగిలిని మూడు వైపులనుంచి ఫోటో తీసి, "సక్సెస్ స్టోరీ సార్, వెబ్‌సైట్‌లో పెడతాను," అన్నాడు.

అనసూయ ఆ దండ వైపు చూసింది. ఆమె ఒంట్లోంచి తీసిన రక్తం, ఆమె క్రోమోజోము. తాను నిలబడి ఉండగానే దానికి దండ పడింది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. కోపం వచ్చింది, అరవై రెండేళ్ళలో ఎప్పుడూ రానంత చల్లగా వచ్చింది.

"బతికుండంగానే దండ వేసినావు కదప్పా బైరా," అంది.

బైరప్ప దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, బేజారు చేసుకోవద్దు. నీ ఫోటోకే కదా ఇచ్చినాము, అది నీకు గౌరవమే కదా."

"అయితే ఆ గౌరవం నా చేతికే ఇచ్చేదానికి ఏమి అడ్డం?"

"జనం ఏమంటారక్కా?"

అనసూయ హాలంతా కలియజూసింది. జనం అక్కడే ఉన్నారు, రెండువందల మంది. అందరూ ఆమె వండింది తిని పెరిగినవాళ్ళే. ఒక్కరూ ఏమీ అనడం లేదు.

ఆమె తిన్నగా ఫోటో దగ్గరికి నడిచింది. పళ్ళెంలోంచి రెండు ఆకులు తీసి, ఈనెలు చీల్చి, సున్నం రాసుకుంది.

"అమ్మా అనసూయా," అన్నాడు పాపయ్య కుర్చీలోంచి సగం లేచి. "అది ఫోటోకు పెట్టిన తాంబూలం."

"ఫోటో నమలదు పెదనాయనా," అంది అనసూయ. వక్క పెట్టి, ఆకు మడిచి, నోట్లో పెట్టుకుంది. కారంగా, కమ్మగా, నాలుక చివర చురుక్కుమంది. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. ఆగి చూసింది, ఆకాశం కూడా విరిగి పడలేదు.

బైరప్ప చుట్టూ చూసి, ఇంక ఎట్లాగైనా ఈ సంగతి దాటేయాలని, "సరేలే అక్కా, అయిపోయింది కదా. జనం ఆకలితో ఉండారు. పోయి వడ్డన మొదలుపెట్టించు," అన్నాడు.

"ఆ ఫోటోను అడుగప్పా. ఇంకమీద ఈ ఇంటికి పెద్ద అదే కదా. ఓళిగలు అదే కాల్చి పెడతాది."

అని, మొదటి పంక్తిలో మొదటి ఆకు ముందు కూర్చుంది. వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్న ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ముందుగా ఓబళప్ప భార్య వచ్చి ఆమె పక్కన కూర్చుంది. వెనకే మిగతా ఐదుగురూ వచ్చారు. వరూధిని కూడా నోటుబుక్కు సంచిలో పెట్టుకుని వచ్చి పంక్తి చివర చేరింది.

కాసేపటికి వంటింట్లోంచి ఓళిగ మాడుతున్న వాసన వచ్చింది. పొయ్యి మీద పెనం అలాగే ఉంది. ఎవరో ఒకరు లేచి పోయి దించాలి. బైరప్ప ఓబళప్ప వైపు చూశాడు.

"నువ్వు పో అప్పా ముందు," అన్నాడు.

"ఛీ ఛీ, పెద్ద శాఖ మీది," అన్నాడు ఓబళప్ప. "ముందు నువ్వే పోవాల."